ఇంగ్లీషు వారి ఫుట్టు – మన అడుగు

భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలకు, పిల్లల కార్యక్రమం ధ్వనిముద్రణ చేయడానికై ఒక వర్షాకాలంలో వెళ్ళడం తటస్థించింది. పాటలూ కథలూ ముగిసేసరికి వాన పట్టుకున్నది. దారిలోని వాగు పొంగినదనీ, అది తీసేవరకు జీపు కదలదనీ డ్రైవరు చెప్పాడు. చేసేదిలేక ఏడవ తరగతి గదిలో చివరి బల్లపై కూర్చున్నాను. అది ఇంగ్లీషు పాఠం వేళ. నల్లబల్లపై ఉపాధ్యాయిని చక్కని అక్షరాలతో పది పన్నెండు పదబంధాలు వ్రాసి ఉంచారు. అన్నిటిలోను 'ఫుట్టు' అనే మాటయో, దాని బహువచనమైన 'ఫీటు' అనే మాటయో ఉన్నది. పిల్లలు వాటిని వరుసగా వల్లిస్తున్నారు.

నాకు కుతూహలం కలిగి, ఉపాధ్యాయిని అనుమతితో ముందు వరుసలోని బాలుని, "పుట్ యువర్ ఫుట్ డౌన్ అంటే ఏమిటి నాయనా?" అని అడిగాను. అతడు లేచి నిలబడి, "కాలు కింద పెట్టు అని సార్" అన్నాడు. వెంటనే వెనుకనుండి ఒక బాలిక, "ముల్లుందేమో చూసుకొని పెట్టాల సార్" అన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఉపాధ్యాయిని మాత్రం కొంచెం నొచ్చుకొని, "పరీక్షలో వస్తాయి సార్, అందుకని రాయించాను" అన్నారు.

ఆ బాలిక చెప్పినదానిలో తప్పేమున్నది? అడవిదారిన నడిచే మనిషికి కాలు క్రింద పెట్టడమనేది ఆలోచించి చేయవలసిన పని. పరికిముల్లు ఉండవచ్చును, పాము ఉండవచ్చును, వాన వెలిసిన తరువాత జారుడుమన్ను ఉండవచ్చును. ఇంగ్లీషువాడు 'కాలు క్రింద పెట్టాను' అన్నప్పుడు అతని ఉద్దేశము వేరు. ఇక ఎవరేమన్నా మాట మార్చనని నేల అదిరేటట్లు పాదం మోపి నిలబడిన మనిషి అతనికి కనబడతాడు. మనకు ఆ పని చేసేది కాలు కాదు, చేయి. మనం 'పట్టు' పడతాము. పట్టుబట్టడం, పట్టిన పట్టు విడువకపోవడం – ఇవన్నీ పిడికిలికి సంబంధించినవి. పైగా మన భాషలో 'కాలు క్రింద పెట్టనివ్వకుండా పెంచారు' అంటే గారాబంగా పెంచారని అర్థం. కాబట్టి 'తండ్రి కాలు క్రింద పెట్టాడు' అని ఎవరైనా తెనిగిస్తే, అంతవరకు ఆ పెద్దమనిషిని ఎవరో ఎత్తుకొని తిరుగుతున్నారని మన శ్రోత భావించవలసి వస్తుంది.

ఈ విషయమై ఇతరులను పరిహసించే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో ఒక ఇంగ్లీషు నాటికను రేడియోకు అనువదించే పని నాకు అప్పగించారు. పెండ్లి ముందటి రాత్రి వరునికి బెదురు పుట్టి వెనుకాడుతాడు. ఇంగ్లీషులో అతనికి 'కోల్డ్ ఫీట్' వచ్చినవని ఉన్నది. నిఘంటువు చూడడం నామోషీ అనుకునే వయస్సది. 'పెండ్లికొడుకు కాళ్ళు చల్లబడినవి' అని వ్రాసి పంపాను. నటీనటులు చదివారు, ప్రసారమైనది. పదిరోజులకు గోదావరి ఒడ్డు పల్లెనుండి ఒక వృద్ధ శ్రోత కార్డు వ్రాశారు. నాటిక బాగున్నదట. అయితే కాళ్ళు చల్లబడిన తరువాత ఆ పిల్లవాడు మరుసటి రంగంలో లేచివచ్చి అంత పొడుగు సంభాషణ ఎట్లా చెప్పగలిగాడో తెలియలేదట. 'ఇంట్లో ఆడవాళ్ళు అప్పటికే కన్నీళ్ళు పెట్టుకున్నారు, మీరు ముందుగా చెప్పవలసినది' అని చివర వ్రాశారు.

మంచం పట్టిన మనిషి దగ్గర కూర్చున్నవారు అరికాళ్ళు తడిమి చూడడం, 'కాళ్ళు చల్లబడుతున్నవి' అని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. ఆ మాటకు మన భాషలో వేరే పని అప్పగించడానికి వీలులేదు. వరునికి గుండె జారినదనో, వెనుకంజ వేశాడనో వ్రాసి ఉంటే సరిపోయేది. 'వెనుకంజ'లో 'అంజ' అంటే అడుగే. కాలు అందులోను ఉన్నది, కాని చల్లబడలేదు. ఆ కార్డు ఈనాటికీ నా దగ్గర ఉన్నది.

ఇంతమాత్రాన రెండు భాషలకు ఎక్కడా పొత్తు కుదరదని అనుకోరాదు. కొన్ని చోట్ల విచిత్రమైన ఏకీభావం కనబడుతుంది. వారు 'తన పాదాలమీద తాను నిలబడడం' అంటారు, మనమూ 'తన కాళ్ళమీద తాను నిలబడ్డాడు' అంటాము. వారు 'ఒక కాలు గోరీలో ఉన్నది' అంటారు, మనం 'కాటికి కాళ్ళు చాచుకొని ఉన్నాడు' అంటాము. వారు ఒక కాలితో సరిపెట్టుకున్నారు, మనం రెండూ చాపినాము, అంతే భేదం. వారు పెద్దల 'ఫుట్‌స్టెప్స్'లో నడుస్తారు, మనం అడుగుజాడలలో నడుస్తాము. ఒకరినుండి ఒకరు తెచ్చుకున్నారని చెప్పనక్కరలేదు. మనిషి రెండు కాళ్ళమీద నిలబడతాడు, ముసలితనంలో కాళ్ళే ముందు ఓడుతవి, తడినేలపై నడిస్తే జాడ పడుతుంది. ఇవి ఏ దేశంలోనైనా ఒకటే.

అయితే జాడ పడే నేల ఒకటి కాదు. పట్టణంలో కూర్చున్న మనకు 'అడుగుజాడ' అనేది సభలలో వినబడే మాట. అడవి పల్లెలలో అది ఇప్పటికీ బురదలో కనబడే గుర్తు. ఏ గొడ్డు ఎటు పోయినదో, రాత్రి చేనిలోకి పంది వచ్చినదో కొండగొర్రె వచ్చినదో తెల్లవారి జాడ చూసి చెబుతారు. పులులను లెక్కించడానికి మన దేశంలో అటవీశాఖవారు చిరకాలం పాదముద్రలనే ఆధారం చేసుకున్నారు. 2006 నుండి కెమెరాలు ఆ స్థానాన్ని ఆక్రమించినవి. ఈ నడుమ 'కార్బన్ ఫుట్‌ప్రింట్' అనే ఇంగ్లీషు మాటను 'కర్బన పాదముద్ర' అని పత్రికలలో తెనిగిస్తున్నారు. శాస్త్రవేత్తలు క్షమింతురుగాక, పర్ణశాలకు పోయే యాత్రికుల బస్సులో ఆ మాట అన్నామనుకోండి, అది ఏ గుట్టమీద ఉన్నదనీ, దర్శనం ఎప్పుడనీ అడుగుతారు.

ఇంగ్లీషువారికి పాదము, కాలు అనేవి రెండు వేరు వేరు వస్తువులు. చీలమండకు దిగువనున్నది 'ఫుట్టు', ఎగువనున్నది 'లెగ్గు'. మనకు తొడ మొదలునుండి బొటనవ్రేలి చివరవరకు అంతా కాలే. అందుచేతనే మన పిల్లలు ఇంగ్లీషులో 'తాతగారి లెగ్గులకు నమస్కరించాను' అని వ్రాస్తారు, మాస్టారు ఎర్రసిరాతో కొట్టివేస్తారు. ఇక 'లెగ్గు లాగడం' అనే మరొక తంటా ఉన్నది. ఇంగ్లీషులో అది హాస్యానికి ఆటపట్టించడం. తెలుగులో 'కాళ్ళు లాగుతున్నవి' అంటే నడిచి నడిచి నొప్పులు పుట్టినవని. 'మా స్నేహితుడు నా కాలు లాగుతున్నాడు' అని తెలుగులో అంటే, ఆ స్నేహితుని అవతలికి నెట్టడానికి ఎవరైనా సాయం వస్తారు.

తెలుగులో మనకు మూడు మాటలున్నవి: కాలు, అడుగు, పాదము. ఈ మూడూ ఒకదాని స్థానంలో మరొకటి కూర్చునేవి కావు. పొలంనుండి వచ్చి కడుగుకునేవి కాళ్ళు. దేవునివీ గురువువీ అయితే పాదాలు. భద్రాచలం కొండపై భద్రుడు తపస్సు చేయగా శ్రీరాముడు అతని శిరస్సుపై మోపినది పాదమని స్థలపురాణం చెబుతుంది. అక్కడ 'కాలు పెట్టాడు' అన్నారా, భక్తుని తలపై కాలు పెట్టిన అహంకారిగా అర్థం మారిపోతుంది. ఇంగ్లీషులో ఈ భేదం లేదు. రాజు పాదమైనా, కుక్క కుంటుతున్న కాలైనా, కొండ మొదలైనా, మంచం చివరైనా, పుట దిగువ అంచైనా అన్నీ 'ఫుట్టే'. అనువాదకుడు ప్రతిసారీ ఆగి, ఇది ఎవరి పాదమని విచారించుకోవలసి ఉంటుంది.

ఇందులో ఒక చుట్టరికం కూడా ఉన్నది. సంస్కృతపు 'పాద' శబ్దమూ, ఇంగ్లీషు 'ఫుట్టు'న్నూ మూలంలో ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. లాటినులో అది 'పెద్' అయినది. సైకిలుకు మనం తొక్కే 'పెడలు' అక్కడినుండి వచ్చినదే. పారసీకంలో 'పాయ్' అయి, 'పైజామా'గా మన బట్టలపెట్టెలోకీ, 'పాయా'గా హైదరాబాదు హోటళ్ళలోని గిన్నెలలోకీ వచ్చి చేరింది. రాముని పాదమూ, కుట్టువాడు కుట్టే పైజామా, తెల్లవారుజామున త్రాగే పాయా, ఇంగ్లీషువాని ఫుట్టూ ఒకే వంశమంటే ఆశ్చర్యమే గదా! మన 'కాలు' మాత్రం ఆ వంశానిది కాదు. అది తమిళులకు, కన్నడిగులకు, మలయాళులకు 'కాల్', అడవిలోని గోండులకూ 'కాల్'. ఈ సంగతి ఆ పాఠశాలలో చెబుతుండగా ఒక కోయపిల్లవాడు లేచి, "మా మాటలో కూడా కాలు కాలే సార్" అని ఎంతో సంతోషంగా చెప్పాడు. ఇంగ్లీషు పాఠంలో తన ఇంటి మాట వినబడడం అతనికి అదే మొదటిసారి కాబోలు.

ఛందస్సు తెలిసినవారికి మరొక చిక్కు ఉన్నది. ఇంగ్లీషు పద్యంలోనూ 'ఫుట్టు' ఉన్నది, మన పద్యంలోనూ పాదమున్నది. రెండూ ఒకటేనని భ్రమపడరాదు. వారి ఫుట్టు రెండు మూడు అక్షరాల కొలత, మన గణానికి ఇంచుమించు సాటి. మన పాదమో ఒక పూర్తి పంక్తి. నాలుగు కాళ్ళ జంతువుకు ఒక కాలు నాలుగవ వంతు గనుక, నాలుగు పంక్తుల పద్యంలో ఒక పంక్తి పాదమైనది. 'పావు' అనే మాట పుట్టుకకూ ఇదే కారణం. కంచెర్ల గోపన్న, అనగా మన రామదాసు, దాశరథీ శతకంలో వ్రాసినది ఈ నాలుగు కాళ్ళ పద్యాలనే. దాన్ని ఇంగ్లీషు విద్యార్థికి 'ఫోర్ ఫీట్' అని చెబితే, నాలుగు గణాల చిట్టిపంక్తి కోసం వెదుకుతాడు.

తిరిగి నల్లబల్ల వద్దకు వద్దాము. 'ఫుట్ ది బిల్' అని ఒకటున్నది. ఖర్చు భరించడమని అర్థం. లెక్కకాగితం అడుగుభాగాన మొత్తం కూడి వేసే అలవాటునుండి వచ్చినది. పిల్లలు దానిని 'బిల్లును తన్నడం'గా గ్రహించారు. మన దేశంలో బిల్లులు అందుకొనే తీరు చూస్తే అది పూర్తిగా తప్పని నేననలేను. తెలుగులో డబ్బు ఖర్చు కాలిది కాదు, చేతిది. 'చేతి చమురు వదిలింది' అంటాము. మరొకటి, నోటిలో కాలు పెట్టుకోవడం. తెలివితక్కువగా ఏదో అనివేసి చిక్కులో పడడం. మనకు నోటికీ కాలికీ అటువంటి కలయిక లేదు. రెండూ విడివిడిగా జారుతవి. కాలు జారితే తీసుకోవచ్చును గాని నోరు జారితే తీసుకోలేమని సామెత. ఈ సామెత చెప్పగానే పిల్లలకు ఆ ఇంగ్లీషు మాట క్షణంలో అర్థమైనది.

అప్పుడు నేను, "మీ ఇంట్లో కాలుతో చెప్పే మాటలు ఏమేమున్నవో చెప్పండి" అన్నాను. వాన శబ్దాన్ని మించి కేకలు లేచినవి. కయ్యానికి కాలు దువ్వడం, కాళ్ళకు బుద్ధి చెప్పడం, కాలుకాలిన పిల్లి, కాళ్ళబేరం, ఒంటికాలిమీద లేవడం, కాలికి బలపం కట్టుకొని తిరగడం. ఒక బాలుడు 'ముందరికాళ్ళకు బంధం' అన్నాడు. అతని ఇంట పసుల మంద ఉన్నదట. మంద అడవిలో దూరం పోకుండా ముందరికాళ్ళు రెండూ దగ్గరగా కట్టి వదలడం అతడు రోజూ చేసే పని. ఒక పని మొదలుపెట్టకమునుపే ఆటంకం కల్పించడాన్ని ఆ మాటతో చెబుతారని అతనికి తెలియదు. అతనికి తెలిసినది కట్టు, ముడి, పశువు గెంతుతూ నడిచే తీరు. నాకు తెలిసినది నిఘంటువులోని అర్థం. ఇద్దరిలో ఆ మాట ఎవరికి ఎక్కువగా తెలుసునో నేను తేల్చుకోలేకపోయాను. ఉపాధ్యాయిని అంతవరకు మౌనంగా ఉండి, నల్లబల్లను నిలువుగా ఒక గీతతో రెండుగా చీల్చి, కుడివైపున పిల్లలు చెప్పినవి వ్రాయనారంభించారు. కుడివైపు స్థలం ముందు చాలకపోయింది.

ఇంతవరకు చెప్పినది వినోదమే. కాని ఈ 'ఫుట్టు' నవ్వులాట కాని చోటు ఒకటి ఉన్నది. అది గోదావరి.

ఇంగ్లీషువారి కొలతల పట్టికలో ఫుట్టు అంటే పన్నెండు అంగుళాలు, ఇప్పటి లెక్కలో 30.48 సెంటీమీటర్లు. దీనికి మన పెద్దలు 'అడుగు' అని పేరు పెట్టారు. తమిళులు 'అడి' అన్నారు, కన్నడిగులూ 'అడి' అన్నారు. ఎవరూ సంస్కృతానికి పోలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. ఇంతకంటె చక్కని అనువాదం చూడబోము. అయితే ఈ అడుగనే మాటకు మన భాషలో పనులు చాలా ఉన్నవి. నడిచేటప్పుడు వేసేది అడుగు. కుండ లోపలి క్రిందిభాగం అడుగు. బావిలో నీళ్ళు ఇంకిపోతే 'అడుగంటినవి' అంటాము. ప్రశ్నించమనడానికి కూడా 'అడుగు' అనే అంటాము. వామనుడు మూడడుగుల నేల అడిగినప్పుడు బలి చక్రవర్తి ఏ అడుగుకు ఎంత కొలత అని అడగలేదు. అందుకు ఫలితం అనుభవించాడు.

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినది. గుడ్డ మీటర్లలోకి, బియ్యం కిలోలలోకి మారి చాలాకాలమైనది. భద్రాచలం వద్ద గోదావరి మాత్రం ఈనాటికీ అడుగులలోనే పెరుగుతుంది, అడుగులలోనే తీస్తుంది. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. ఆ ఊరివారికి ఈ అంకెలు పుట్టినరోజుల వలె గుర్తుంటవి. కరకట్ట చాటున ఉన్నవారు ఒక విధంగా, కట్టకు వెలుపల లంకలలోను వాగుల ప్రక్కన ఉన్నవారు మరొక విధంగా ఈ అంకెలను వింటారు.

ఒక వరదరాత్రి వార్తలు తయారు చేసే పని నాపై పడింది. టెలిఫోనులో ఇంగ్లీషున సమాచారం వచ్చినది. గడిచిన కొద్ది గంటలలో నీరు మూడు ఫీట్లు పెరిగినదని దాని సారాంశం. ఇంగ్లీషులో 'బై' అనే చిన్న మాటకూ 'టు' అనే చిన్న మాటకూ ఎంత దూరమున్నదో బడిలో చదువుకున్నాను. నిద్రమత్తులో మరచాను. 'భద్రాచలం వద్ద నీటిమట్టం మూడడుగులకు పెరిగింది' అని వ్రాశాను. చదవబోయే అనౌన్సరు బూర్గంపాడు ప్రాంతంవాడు, గోదావరి ఒడ్డున పెరిగినవాడు. కాగితం చూసి లేచివచ్చాడు. "సార్, మూడడుగుల గోదారి ఎండాకాలం గోదారి. ఇది చదివితే ఒడ్డునున్నోళ్ళు దుప్పటి కప్పుకొని పడుకుంటారు" అన్నాడు. ఒక్క 'కు' అక్షరం. కొట్టివేసి, మూడడుగులు పెరిగి ఇంతకు చేరినదని సరిచేసి ఇచ్చాను. నా పెండ్లికొడుకు కాళ్ళు చల్లబడినప్పుడు కొందరు అనవసరంగా ఏడ్చారు, అంతటితో పోయింది. ఆ రాత్రి నా చేతులు నిజంగానే చల్లబడినవి.

ఆ తరువాత నీరు తీసిన పిమ్మట భద్రాచలం స్నానఘట్టానికి వెళ్ళాను. మెట్లపై బురద కడుగుతున్నారు. ఒక ముసలమ్మ రెండు మెట్లు పైన కూర్చుండి తడిసిన బట్టలు ఆరవేసుకుంటున్నది. రేడియో మనిషినని తెలిసి నన్ను దగ్గరకు పిలిచింది. "నాయనా, నలభై మూడు, నలభై ఎనిమిది అని చెప్తరు. నా ఇంటికాడ అన్ని అడుగుల నీళ్ళు ఎన్నడు రాలేదు. మోకాటిదాకా వస్తదా, నడుముదాకా వస్తదా, ఆ మాట చెప్పరాదా?" అన్నది. ఆ అడుగులు వంతెన దగ్గర నీటికొలతకై గీసిన గీతల లెక్క అనీ, ఇంటి ముంగిట లోతు కాదనీ చెప్పాను. "గట్లయితే నాకెందుకు?" అన్నది.

ఆమె ప్రశ్నకు సమాధానం నా దగ్గర లేదు. ఇంగ్లీషు ఫుట్టును అడుగుగా మార్చి మనం తృప్తిపడినాము. ఆమె లెక్క అంతకుముందునుండీ ఉన్నది: చీలమండలోతు, పిక్కలోతు, మోకాటిలోతు, మొలలోతు, గొంతులోతు, నిలువులోతు. కొలబద్ద ఆమె శరీరమే. ఎత్తయిన మనిషికీ పొట్టి మనిషికీ తేడా ఉంటుందని ఇంజనీర్లు అంటారు, నిజమే. కాని పసిపిల్లను చంకనెత్తుకొని వాగు దాటే మనిషికి మొలలోతు అనే మాట చెప్పగలిగినది ఏ అంకె చెప్పలేదు. రెండూ కావాలి. గీతల లెక్క అధికారులకు కావాలి, ఎవరిని ఎప్పుడు ఖాళీ చేయించాలో దానితోనే తెలుస్తుంది. ఒంటి లెక్క ఖాళీ చేయవలసినవారికి కావాలి. అంకెతోపాటు, ఏ రోడ్డుపైకి నీరు వచ్చినది, ఏ వాగు దగ్గర ఎంత లోతున్నది అన్నవి కూడా అడిగి తెలుసుకొని చదివించడం అప్పటినుండి అలవాటు చేసుకున్నాను. ప్రతిసారీ దొరకదు. టెలిఫోనులు పనిచేయని రాత్రులుంటవి. దొరికినంతవరకు.

వరద వార్తలలో తరచు తగిలే మరొక ఇంగ్లీషు మాట, బాధితులను తిరిగి 'పాదాలపై నిలబెట్టడం'. దీనిని అట్లే తెనిగించినా కొంపలు మునగవు, మనకూ ఆ వాడుక ఉన్నదని ముందే చెప్పుకున్నాము. అయినా అక్కడ నేను వేరొక మాట వాడతాను. 'తేరుకోవడం'. బురదనీరు కదలకుండా ఉంచితే మన్ను అడుగున దిగి పైన తేటపడుతుంది గదా, దానిని నీళ్ళు తేరుకోవడమంటారు. కష్టంనుండి బయటపడిన మనిషికీ అదే మాట. బిందెలలో ఎర్రనీళ్ళు పట్టి, ఇండుపగింజ అరగదీసి వేసి, తేరేవరకు కాచుకున్న ఇండ్లవారికి ఆ మాటను వివరించనక్కరలేదు. కాళ్ళమీద నిలబడడం ఒక్క క్షణంలో జరిగే పనివలె వినబడుతుంది. తేరుకోవడానికి సమయం పడుతుంది. భద్రాచలంలో ఇండ్లు కడుగుకున్నవారిని చూసినవాడిని గనుక చెబుతున్నాను, సమయం పడుతుంది.

ఆ పాఠశాల ఉపాధ్యాయిని ఈమధ్య ఒక ఉత్తరం వ్రాశారు. ఆమె ఇప్పుడు ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థం వ్రాయించడం మానివేసి, ప్రతి మాటకూ ఒక చిన్న కథ చెప్పి, ఇటువంటి సందర్భంలో మీ ఇంట్లో ఏమంటారని అడుగుతున్నారట. కొన్నింటికి పిల్లలు తెలుగులోను, కొన్నింటికి కోయలోను చెబుతున్నారట. 'కోల్డ్ ఫీట్' కథ చెప్పినప్పుడు ఒక బాలిక, నదిలో దిగబోయి నీళ్ళు తాకి వెనుకకు వచ్చినవాడిలాగా అన్నదట. నా కార్డు శ్రోత ఇది వింటే సంతోషించేవారు.

మళ్ళీ వరద వచ్చినప్పుడు ఒక రాత్రి మా కేంద్రానికి టెలిఫోను వచ్చినది. నేనే తీశాను. అవతలి మనిషి నమస్కారం చెప్పలేదు, ఊరు పేరు చెప్పలేదు. వెనుక వానచప్పుడూ, పశువుల అరుపులూ వినబడుతున్నవి. "నలభై ఎనిమిది దాటిందా సార్, ఆ ఒక్కటీ చెప్పండి" అన్నాడు. ఫుట్టూ అనలేదు, అడుగూ అనలేదు. ఇంకా దాటలేదని, గంటకు కొంత చొప్పున పెరుగుతున్నదని చెప్పాను. "అయితే గొడ్లను ఇప్పుడే విప్పుతాం" అని పెట్టివేశాడు.